ఎడమకు తిరగని మర

శనివారం పొద్దున పదీ యాభైకి దమయంతి టెక్సాస్‌లోని కాపెల్‌లో కేశవరావు ఇంటి గరాజ్‌లోకి అడుగుపెట్టేసరికి, జగదీష్ అప్పటికే ఓ కుర్చీ చూసుకుని అందులో సర్దుకుని ఉన్నాడు. ఎక్కడికెళ్ళినా అతనికి ముందు కుర్చీ, తర్వాతే కేసు. ఇద్దరూ పదకొండేళ్ళు ఒకే ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకున్నవాళ్ళే. బయటికొచ్చాక అతను దగ్గర్లోని ఫ్రిస్కోలో అద్దాల డిటెక్టివ్ ఆఫీసు పెట్టాడు, ఆవిడ తన పాత హోండా కారునే ఆఫీసు చేసుకుంది. ఆ తేడా అతను మర్చిపోడు, ఆవిణ్ణి మర్చిపోనివ్వడు.

“పన్నెండింటికి పోలీస్ డిటెక్టివ్ వస్తున్నాడు దమయంతి గారూ. నా రిపోర్ట్ రెడీ. మీరు చూడాలనుకున్నవేవో ఈ గంటలోనే చూసేసుకోండి,” అన్నాడు ఒళ్ళోని ఫోల్డర్ మీద వేళ్ళతో తాళం వేస్తూ.

ఆ ఫోల్డర్‌లో ఏముందో అక్కడున్న అందరికీ తెలుసు. గురువారం సాయంత్రం అరవై ఏడేళ్ళ కేశవరావు ఇదే గరాజ్‌లో నుదురు పగిలి పడిపోయాడు. అప్పట్నుంచీ ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. పెద్ద స్పానర్‌తో కొట్టింది దేదీప్య అని జగదీష్ తేల్చేశాడు.

ఆ దేదీప్య గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, కరీంనగర్ నుంచి వచ్చి ఎమ్మెస్ చివరి సెమిస్టర్ చదువుతోంది. కేసు పడిందంటే చదువు, ఎఫ్-వన్ వీసా, జూన్‌లో మొదలు కావలసిన ఉద్యోగం, మూడూ ఒక్క దెబ్బకి పోతాయి. రెండు రోజులుగా అన్నం సయించక మొహం పీక్కుపోయింది. దమయంతిని పిలిపించుకున్నది ఆ పిల్లే.

దమయంతి ఫోల్డర్ వైపు చూడలేదు. గరాజ్ చూస్తూ ఉండిపోయింది. దాచడమెందుకు, నోరు తెరుచుకునే చూసింది.

ఈ ఇంట్లో కారుకి చోటు లేదు. గోడ పొడుగునా ఏడు ఫ్రెంచి సైకిళ్ళు వేలాడుతున్నాయి. ఒక్కోదానికి యాభై ఏళ్ళు తక్కువుండవు. తుప్పు చుక్క లేదు, దుమ్ము లేదు. హ్యాండిల్ చివర్ల ప్లాస్టిక్ మూతల బదులు వైన్ సీసాల బిరడాలు గుండ్రంగా చెక్కి దిగ్గొట్టి ఉన్నాయి. తోలు సీట్లు ఆముదం తాగి నిగనిగలాడుతున్నాయి. మూలనున్న టబ్బులో చింతపండు నీళ్ళు, ఆ నీళ్ళలో చైన్ చక్రాలూ, బ్రేకు ముక్కలూ మునిగి ఉన్నాయి. మన ఇళ్ళల్లో ఇత్తడి చెంబులు తోమే చింతపండుతో ఫ్రాన్స్ దేశపు తుప్పుని వదిలిస్తున్నాడు మహానుభావుడు.

“వీటిలో ఒక్కటి కూడా వంద డాలర్లు దాటలేదండీ,” అంది నళిని, కేశవరావు భార్య. నిద్ర లేక కళ్ళు ఎర్రబడ్డాయి. “వంద దాటితే ఎంత నచ్చినా వదిలేసి వచ్చేస్తారు. శనివారం తెల్లారితే పాత సామాన్లమ్మే గరాజ్ సేల్స్ అని పరుగు. నన్ను చూసుకోడానికి వచ్చినప్పుడు కూడా అంత శ్రద్ధగా చూడలేదు.”

“కొత్త పార్టులు కొంటే బండి రేటుకి మూడింతలైతయి ఆంటీ,” అంది దేదీప్య నెమ్మదిగా. “ఫ్రెంచోళ్ళ కొలతలే వేరు, ఇక్కడి షాపులల్ల దొరకవు. అందుకే అంకుల్ పాతవే బాగు చేస్తడు. బాగు కాకుంటే లేత్ మిషన్ మీద తనే చేస్తడు. బాలానగర్ టూల్‌రూమ్‌ల పనిచేసిండు కదా.”

నువ్వెప్పుడు నేర్చుకున్నావ్ ఇవన్నీ అని దమయంతి అడిగితే, మొదటి సెమిస్టర్‌లో కారు కొనే స్తోమత లేక సెకండ్‌హ్యాండ్ సైకిల్ కోసం ఈ ఇంటికొచ్చానని చెప్పింది. ఆయన నలభై డాలర్ల సైకిల్ ఇచ్చి, దాన్ని పూర్తిగా విప్పి మళ్ళీ బిగిస్తేనే తీసుకెళ్ళమన్నాడట. మూడు వారాలు పట్టింది. ఆ తర్వాత వారానికి రెండుసార్లు రాకుండా ఉండలేకపోయింది. పైసా జీతం లేదు, స్టూడెంట్ వీసా మీద తీసుకోనూ కూడదు. నళిని పెట్టే పప్పన్నమే జీతం.

గరాజ్ మధ్యలో స్టాండుకి బిగించి ఓ నీలం ఫ్రేమ్ ఉంది. చక్రాలు లేవు, హ్యాండిల్ లేదు. పెడల్ ఇరుసు తిరిగే గొట్టం, దానికి రెండు వైపులా బిగించిన కప్పులు మాత్రం ఉన్నాయి. నీలం మీద వెంట్రుకంత సన్నని బంగారు గీతలు. కింద సిమెంటు మీద ఎండిన రక్తపు మరక.

“ఇది డెంటన్‌లో దొరికింది, అరవై డాలర్లకి,” అంది నళిని. “ఎవరో మొత్తం గోడకేసే తెల్లరంగు పూసేశారు. ఈయన నెల రోజులు గీకి గీకి కింద నీలం చూశారు. చూసి, ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఏడ్చారు. ఫ్రాన్స్‌లో లియాన్ అనే ఊళ్ళో మారో అని ఒకాయన, ఒక్కడే కూర్చుని చేసేవాడట. జీవితం మొత్తం మీద మూడొందల బళ్ళు కూడా చేయలేదట. నాకేం తెలుస్తుంది, సైకిల్‌కి ఏడ్చిన మనిషిని మొదటిసారి చూశాను.”

“గురువారం సంగతి చెప్పు,” అంది దమయంతి దేదీప్యతో. “టైములతో చెప్పు.”

“నాలుగు పన్నెండుకి వీధి తలుపు నుంచి వచ్చిన. కెమెరాల ఉంది. కుడివైపు కప్పు లోపల కొత్త బేరింగ్ బాల్సు పెట్టి, తెల్ల గ్రీజు నింపి, నేనే బిగించిన. చేత్తోనే తిప్పి, ఆఖరుకు స్పానర్‌తో పావు చుట్టు. నాలుగు నలభైకి వెళ్ళిపోయిన. అప్పుడు అంకుల్ ఈ స్టూల్ మీద కూసోని పాట పాడుకుంటున్నడు.”

“అది కూడా కెమెరాలో ఉంది,” అన్నాడు జగదీష్. “వెళ్ళడం నేను కాదనలేదు. వెనక్కి రావడం గురించే నా బాధ. ఈ గరాజ్ తలుపు వెనక సందులోకి తెరుచుకుంటుంది, అక్కడ కెమెరా లేదు. నాలుగు యాభై ఒకటికి ఎవరో బయట కీప్యాడ్‌లో కోడ్ నొక్కి తలుపు తెరిచారు. అయిదు తొమ్మిదికి మూశారు. యాప్‌లో రికార్డుంది. అయిదుంపావుకి నళిని గారొచ్చి చూశారు. కోడ్ తెలిసింది ముగ్గురికే. నళిని గారు ఆ టైమ్‌లో ఇండియన్ గ్రాసరీలో ఉన్నారు, రసీదుంది. కేశవరావు గారు తనని తాను కొట్టుకోలేదు. ఇక మిగిలిందెవరు? స్పానర్ మీద వేలిముద్రలెవరివి?”

“రోజూ పట్టుకునే స్పానర్ మీద ఆ పిల్లవి కాక మీవీ నావీ ఉంటాయా?” అంది దమయంతి.

“మోటివ్ కూడా ఉందండీ. ఈ నీలం బండి ఆ అమ్మాయికిస్తానన్నారు. తర్వాత మనసు మార్చుకున్నారు.”

“నేను అడగనే లేదు,” అంది దేదీప్య. “అంకులే ఇస్తా అన్నడు, అంకులే వద్దన్నడు. అది మ్యూజియంల ఉండాల్సింది బిడ్డా అన్నడు. నాకు గూడ అదే కరెక్ట్ అనిపించింది.”

జగదీష్ ఆ పిల్ల వైపు చూడను కూడా చూడలేదు. “అసలు పాయింట్ వినండి దమయంతి గారూ. దొంగైతే ఏం పట్టుకెళ్తాడు? ఈ గరాజ్‌లో విలువైంది ఈ ఫ్రేమ్ ఒక్కటే. అది ఇక్కడే ఉంది. అంటే వచ్చింది దొంగ కాదు, కోపంతో వచ్చిన మనిషి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను రెండ్రోజుల్లో పట్టాను.”

“మీ క్లయింట్ ఎవరు?”

“కుటుంబానికి కావలసినవారు. పేరు చెప్పను.”

దమయంతి స్టాండు చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత మరక దగ్గర కూర్చుంది. దెబ్బ నుదుటి మీద తగిలింది. అంటే కేశవరావు కొట్టినవాడికి ఎదురుగా నిలబడ్డాడు, మొహం చూశాడు. ఆయన కళ్ళు తెరిచి ఒక్క పేరు చెబితే ఈ ఫోల్డర్ చెత్తబుట్టలోకి పోతుంది. కానీ పన్నెండు దాకా గడియారం ఆగదు, డాక్టర్లు ఏ మాటా ఇవ్వడం లేదు. ఉన్న గంటలో ఆ పిల్ల మాటకి ఓ సాక్ష్యం కావాలి, వస్తువే సాక్ష్యం చెప్పాలి.

“తెల్ల గ్రీజు నింపానన్నావు కదా. ఆ కప్పు ఇప్పుడు విప్పితే లోపల కనబడుతుందా?”

“కనబడుతది ఆంటీ. కొత్తది, వెన్న లెక్క ఉంటది.”

“అయితే విప్పు. నాలుగున్నర దాకా మీరిద్దరూ కలిసి ప్రశాంతంగా పనిచేసుకున్నారని అదే చెబుతుంది. పోలీసులు చూడాల్సింది చూసేశారు. నళిని గారూ, మీకు అభ్యంతరమా?”

నళిని తల అడ్డంగా ఊపింది. జగదీష్ నవ్వి కాలు మీద కాలు వేసుకున్నాడు. కొట్టిన స్పానర్ పోలీసుల దగ్గరుంది. దేదీప్య గోడ మీంచి ఇంకో పెద్ద అడ్జస్టబుల్ స్పానర్ తీసి, కప్పుకి పట్టించి, ఎడమకు తిప్పింది.

కదల్లేదు.

రెండు చేతులూ వేసింది. ఒంటి బరువంతా మోపి వేలాడింది. స్టాండు కిర్రుమంది గానీ కప్పు రవ్వంత కూడా జరగలేదు. “పావు చుట్టే బిగించిన,” అంది, ఎవరితో అంటోందో తెలియకుండా. “ఒట్టు ఆంటీ, పావు చుట్టే.”

“పాపం, బాగానే బిగించిందండీ,” అన్నాడు జగదీష్. ఫోల్డర్ తెరిచి పెన్ను తీశాడు. “ఇది కూడా రాసుకుంటాను. గురువారం ఇక్కడ ఏ పనీ జరగలేదని, ఆ అమ్మాయి చెప్పింది అబద్ధమని.”

దేదీప్య స్పానర్ వదిలేసి నేల మీద కూలబడింది. నళిని పక్కన కూర్చుని భుజం పట్టుకుంది. భర్త తల పగలగొట్టిందని రాతపూర్వకంగా ముద్ర పడ్డ పిల్లని అలా పట్టుకోగలిగిన ఆ ఇల్లాలిని చూసి దమయంతికి గుండె కలుక్కుమంది. ఆవిడ ఈ పిల్లని ఒక్క క్షణం కూడా అనుమానించలేదు.

దమయంతికి సైకిళ్ళ గురించి తెలిసింది సున్నా. కానీ అబద్ధాలాడే వాళ్ళ గురించి బాగా తెలుసు. అబద్ధమాడేవాడు తన అబద్ధాన్ని తనే విప్పి చూపిస్తాననడు.

“నువ్వు ఎడమకే ఎందుకు తిప్పావు?” అంది.

“ఫ్రెంచి బండికి రెండు కప్పులూ ఎడమకే ఊడుతయి. మామూలు మర లెక్క.”

“ఫ్రెంచిది కాకపోతే?”

“ఇంగ్లీషు బండికైతే కుడివైపుది ఉల్టా ఉంటది. కుడికి తిప్పితే ఊడుతది. ఎడమకు తిప్పితే ఇంకా బిగుస్తది.” అంటూనే దేదీప్య ఆగిపోయింది. తలెత్తి ఫ్రేమ్ వైపు చూసింది.

“లే. ఉల్టా తిప్పు.”

దేదీప్య లేచి స్పానర్ మళ్ళీ పట్టించింది. ఈసారి కుడికి తిప్పింది. ఒక్కసారి గట్టిగా కిర్రుమని, తర్వాత సీసా మూతలా తిరుగుతూ వచ్చేసింది కప్పు. లోపల తెల్ల గ్రీజు లేదు. ఏళ్ళ తరబడి ఎండి తారు కట్టిన నల్ల జిడ్డు ఉంది. బాల్సు తుప్పు పట్టి ఉన్నాయి.

దేదీప్య నీలం రంగు మీద, బంగారు గీతల మీద వేలు పోనిచ్చింది. గొట్టాలు కలిసే కీళ్ళ దగ్గర వేలు ఆపింది.

“ఆంటీ, ఇది అంకుల్ బండి కాదు,” అంది.

“కథలు,” అన్నాడు జగదీష్. కానీ కుర్చీలోంచి లేచాడు. “ఫ్రెంచి బళ్ళలో కూడా వేరే మరలున్నవి ఉంటాయి. నేనూ చదివాను. ఈ ఫ్రేమ్‌కి మొదట్నుంచీ ఇలాగే ఉందేమో. ఆ అమ్మాయి మాట తప్ప రుజువేది?”

ఆ ప్రశ్న సరైనదే. దమయంతి మనసులో ఒప్పుకుంది. జవాబు మాత్రం నళిని దగ్గర దొరికింది.

“ఆదివారం వీడియో ఉందండీ,” అంది నళిని. “భోజనానికి పిలిస్తే రావడం లేదని తిడుతూ తీశాను. పిల్లలకి పంపుదామని.”

ఫోన్ చిన్నదే. నలుగురూ తలలు కలిపి చూశారు. ఆదివారం పదకొండూ ఇరవై. కేశవరావు పాత లుంగీ మీద ఏప్రన్ కట్టుకుని, ఇదే స్టాండు ముందు నిలబడి ఉన్నాడు. “చూడమ్మా దేదీప్యా, ఇదీ ఫ్రెంచివాడి దారి. అందరూ కుడికంటే వీడు ఎడమకంటాడు,” అంటూ కుడివైపు కప్పుకి స్పానర్ పెట్టి ఎడమకు తిప్పాడు. కప్పు హాయిగా ఊడి ఆయన అరచేతిలో పడింది. వెనక నళిని గొంతు, పులుసు చల్లారిపోతోందని.

తర్వాత ఆయన టార్చి తీసుకుని గొట్టాలు కలిసే చోట వెలుగు వేశాడు. దమయంతి వీడియో అక్కడ ఆపింది. ఆ కీలు దగ్గర ఉక్కుని మారో ఆకురాయితో రాసి రాసి ఎంత పలచన చేశాడంటే, అంచు ఎక్కడ ఆగిందో, గొట్టం ఎక్కడ మొదలైందో కంటికి అందలేదు. పెద్దగా ఎవరికీ తెలియని ఒక మనిషి, ఎవరూ వంగి చూడని చోట, ఎన్ని రోజులు కూర్చుని రాసి ఉంటాడో. డెబ్భై ఏళ్ళ తర్వాత ఇంకో మనిషి టెక్సాస్‌లో తెల్లరంగు గీకి అది కనిపెట్టి ఏడ్చాడు. ఆయన ఎందుకు ఏడ్చాడో దమయంతికి ఇప్పుడు అర్థమైంది. ఆవిడ కళ్ళు కూడా చెమర్చాయి, తుడుచుకోలేదు.

స్టాండు మీద ఉన్నదాని కీలు మీద టార్చి వేసింది. పైన రంగు అదే, గీతలు అవే. అంచు మాత్రం గోరు మందాన మొరటుగా ఉంది. ఎంత డబ్బు పోసినా ఆ ఓపిక కొనలేరు కదా.

“జగదీష్ గారూ, దొంగ ఏమీ పట్టుకెళ్ళలేదన్నారు,” అంది దమయంతి. “పట్టుకెళ్ళాడు. పోయినట్టు తెలియకుండా దీన్ని పెట్టి వెళ్ళాడు. మారుస్తుండగా, ఇంట్లోకి వెళ్ళిన కేశవరావు గారు తిరిగొచ్చారు, చూశారు, దెబ్బ తిన్నారు. కంటికి కనబడేదంతా అచ్చుగుద్దినట్టు చేయించాడు. కానీ చేతికి జిడ్డంటించుకునే రకం కాదు, అందుకే లోపలి మర గురించి ఆలోచన రాలేదు. దేదీప్య దొంగైతే ఈ పొరపాటు చేస్తుందా? కలలో కూడా చెయ్యదు.”

జగదీష్ వంగి కప్పులోని నల్ల జిడ్డు చూశాడు.

“పైగా దీన్ని ఒక్కరోజులో చేయలేరు,” అంది దమయంతి. “అసలు ఫ్రేమ్ పక్కన పెట్టుకుని, రంగు కలుపుకుని, గీత గీత కొలుచుకోవాలి. నళిని గారూ, ఈ ఫ్రేమ్ ఎప్పుడైనా ఇల్లు దాటి వెళ్ళిందా?”

“ఎక్కడికీ వెళ్ళలేదండీ.” నళిని ఆలోచించింది. “ఆ బంగారు గీతలకి తప్ప. పెయింటర్‌ని పెడితే బోలెడు అడుగుతారని ఈయన వెనకాడుతుంటే, వెంకటస్వామి అన్నయ్య తనకి తెలిసినవాడితో ఫ్రీగా వేయిస్తానని తీసుకెళ్ళారు. ఫిబ్రవరిలో ఇరవై రోజులు ఆయన దగ్గరే ఉంది. ఆయన కూడా పాత సైకిళ్ళు కొంటారు, అయితే బాగుచేసేదంతా పనివాళ్ళే. తిరిగి తెచ్చినప్పుడు మేం ఇంట్లో లేం, ఆయనే లోపల పెట్టి వెళ్ళారు.”

“మీరు లేకుండా తలుపెలా తెరిచారు?”

“కోడ్ చెప్పాను కదండీ ఫోన్‌లో,” అంది నళిని. అన్నాక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. “కోడ్ ఎవరికి తెలుసని పోలీసులు అడిగితే ముగ్గురికే అన్నాను. ఆయన గుర్తుకే రాలేదు. ఇరవై ఏళ్ళుగా అన్నయ్యా అని పిలుస్తున్నాను, రాఖీ కడుతున్నాను. ఆయన్ని బయటివాడిగా ఎప్పుడూ లెక్కేసుకోలేదు.”

దమయంతి జగదీష్ వైపు తిరిగింది. అతని మొహంలో రంగు పోయింది. ఆ రంగు పోవడంలోనే జవాబుంది, అయినా అతని నోటితో వినాలనుకుంది.

“ఫ్రేమ్ ఇక్కడే ఉంది కాబట్టి దొంగతనం కాదని మీకు మొదట చెప్పిందెవరు? బండి ఇస్తానని మానేశారన్న మోటివ్ ఎవరు చెప్పారు?”

జగదీష్ ఫోల్డర్ మూశాడు. “వెంకటస్వామి గారు,” అన్నాడు. “అడ్వాన్స్ కూడా ఆయనే ఇచ్చారు. స్నేహితుడి కోసం అన్నారు. నేను నమ్మాను దమయంతి గారూ.” ఒక్క క్షణం ఆగి, దేదీప్య వైపు మొదటిసారి నేరుగా చూశాడు. “సారీ అమ్మా. ఈ రిపోర్ట్ ఇవ్వను. పోలీసులకి ఇప్పుడే నేనే ఫోన్ చేస్తాను.”

దేదీప్య మొహం చేతుల్లో పెట్టుకుని రెండు రోజుల ఏడుపంతా ఏడ్చేసింది. దమయంతి ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. అలా వేశాక గానీ ఇంకో ప్రశ్న తట్టలేదు, అంతసేపు తట్టనందుకు తనని తానే తిట్టుకుంది.

“నళిని గారూ, మీరిక్కడున్నారు. ఆసుపత్రిలో ఆయన దగ్గర ఎవరున్నారు?”

నళిని ఆవిడ వైపు వెర్రిగా చూసింది. “పొద్దున పదింటికి ఆయన వేళ్ళు కదిలించారు. నా చెయ్యి నొక్కారు కూడా. డాక్టర్లు అప్పుడే ఆశ పెట్టుకోవద్దంటే ఇక్కడ చెప్పలేదు. ఆ సంతోషంలో అన్నయ్యకి ఫోన్ చేశాను. పరిగెత్తుకొచ్చారు. నువ్వెళ్ళి స్నానం చేసి రా చెల్లెమ్మా, నేను కూర్చుంటానన్నారు.”

“ఫోన్ చెయ్యకండి,” అని దమయంతి అంటున్నా వినకుండా నళిని అప్పటికే, ఆసుపత్రి మంచం దగ్గరున్న భర్త ఫోన్ నంబర్ నొక్కేసింది. నాలుగు రింగుల తర్వాత ఎత్తారు. స్పీకర్‌లో వెంకటస్వామి గొంతు నిదానంగా, ఎంతో ఆప్యాయంగా వినిపించింది.

“చెల్లెమ్మా, బావగారికి పూర్తిగా తెలివొచ్చింది. నన్ను చూసి ఏదో చెప్పాలని తెగ అవస్థ పడుతున్నారు. నర్సుని కాసేపు బయట ఉండమని చెప్పి తలుపు వేశాను. నువ్వేం కంగారు పడకు, భోంచేసి మెల్లగా రా.”

లైన్ కట్ అయింది. దమయంతి అప్పటికే సందులో ఉన్న కారు వైపు పరిగెడుతోంది. ఆసుపత్రి అక్కడికి పద్నాలుగు నిమిషాల దూరం.